విశాఖ నెమ్మదైన ఊరేనా? బయటి దేశాల నుంచి వచ్చినవారి కాలం లెక్క

ఏళ్ల తరబడి బయటి దేశంలో ఉండి విశాఖపట్నానికి తిరిగొచ్చిన కుటుంబాలను మొదటి రెండు మూడు నెలల్లో పలకరిస్తే ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: ఇక్కడ ఏ పనీ అనుకున్న టైముకు అవదు. కార్పెంటర్ రాడు, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కుర్రాడు రేపంటాడు, ఆఫీసులో సార్ సీట్లో ఉండరు. అదే కుటుంబం కాస్త ఆగి ఇంకో సంగతి కూడా చెబుతుంది. పిల్లాడికి చెవినొప్పి వస్తే సాయంత్రానికల్లా స్పెషలిస్టు చూసేశారు, అక్కడైతే అపాయింట్‌మెంట్ కోసమే వారాలు ఆగాల్సి వచ్చేది. రెండు మాటలూ నిజమే. రెండూ ఒకే ఊరి గురించే.

ఒక ఊరు వేగమైనదనీ ఇంకో ఊరు నెమ్మదైనదనీ గుండుగుత్తగా అనుకున్నంత కాలం ఈ రెండూ పొసగవు. ఎదురుచూపు ప్రతి దేశంలోనూ ఉంది. అది పనిలో ఏ దశలో వస్తుంది, ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఒక చోటికీ ఇంకో చోటికీ మారుతుంది. కొత్త దినచర్యకు అలవాటు పడటంలోని కష్టం చాలావరకు ఇక్కడే పుడుతుంది.

జీవిత వేగాన్ని కొలవాలని గట్టిగా ప్రయత్నించిన వారిలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ లెవీన్ ముఖ్యుడు. ఆయన బృందం 31 దేశాల పెద్ద నగరాల్లో మూడు విషయాలు చూసింది: పేవ్‌మెంట్ మీద ఒంటరిగా నడిచేవారు 60 అడుగుల దూరాన్ని ఎంతసేపట్లో దాటుతున్నారు, పోస్టాఫీసు గుమస్తా ఒక స్టాంపు అమ్మడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడు, బ్యాంకుల్లో గోడ గడియారాలు ఎంత కచ్చితంగా ఉన్నాయి. పరిశోధకుడు అరా నోరెంజాయన్‌తో కలిసి 1999లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో స్విట్జర్లాండ్ మొదటి స్థానంలో, ఐర్లాండ్, జర్మనీ ఆ తర్వాత నిలిచాయి. మెక్సికో చివరన ఉంది. వేడి ఎక్కువున్న చోట్ల వేగం తక్కువ, ఆర్థికంగా బలమైన చోట్ల వేగం ఎక్కువ అని తేలింది. భారతదేశం ఆ జాబితాలో లేదు. అయితే స్థానాల కంటే ఆసక్తికరమైన అంశం లోపలి లెక్కల్లో ఉంది. అమెరికా నడకలో ఆరో స్థానంలో ఉండి, పోస్టాఫీసు పనిలో 23వ స్థానానికి జారింది. అంటే ఒకే దేశంలో మనిషి అడుగు వేగంగా, కౌంటర్ పని నెమ్మదిగా ఉండవచ్చు. అన్నిటికీ కలిపి ఒకే వేగం అంటగడితే దారి తప్పుతామని ఆ పట్టికే చెబుతోంది.

విశాఖలో డాక్టర్ దగ్గరికి వెళ్లడాన్నే చూద్దాం. రామ్‌నగర్, మహారాణిపేట చుట్టుపక్కల క్లినిక్‌లకు పొద్దున్నే ఫోన్ చేస్తే టోకెన్ నంబర్ ఇస్తారు. ఆ నంబర్ వరుస ఎంతో చెబుతుంది గానీ టైము చెప్పదు. చాలామంది స్పెషలిస్టులు పగలు ఆసుపత్రిలో పనిచేసి సాయంత్రం క్లినిక్‌కు వస్తారు. మధ్యలో ఆపరేషన్ ఆలస్యమైనా, ఎమర్జెన్సీ కేసు వచ్చినా క్లినిక్ మొత్తం గంట వెనక్కి జరుగుతుంది. పదిహేడో నంబర్ రోగి గంటన్నరో రెండు గంటలో కుర్చీలో కూర్చోవాలి. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి చేతిలో ప్రిస్క్రిప్షన్ ఉంటుంది. జర్మనీలో స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ దొరికాక ఆ రోజు పని త్వరగానే అయిపోవచ్చు, కానీ ఆ తేదీ రావడానికే వారాలు పడుతుంది. అక్కడ ఎదురుచూపు ముందే జరిగిపోతుంది, అదీ ఇంట్లో, ఇతర పనుల మధ్య పలచగా పరుచుకుని. కాబట్టి కంటికి కనిపించదు. విశాఖలో అది మొత్తం ఒకేచోట, ఒకే సాయంత్రం, ఫ్యాను కింద ముద్దగా వచ్చి పడుతుంది. అందుకే ఎక్కువ అనిపిస్తుంది.

ఏది మేలు అంటే, జబ్బును బట్టి, మనిషిని బట్టి మారుతుంది. జ్వరం, నొప్పి, చంటిపిల్లల అవసరం అయితే విశాఖ పద్ధతిలో ఎంతో ధైర్యం ఉంది. మూడు నెలలకోసారి షుగర్ పరీక్షకు వెళ్లే పెద్దాయనకు మాత్రం రెండు గంటల కుర్చీ అన్యాయమే. ఆ మాట నిర్మొహమాటంగా అనుకోవాలి. టోకెన్‌తో పాటు ఉజ్జాయింపు టైమును మెసేజ్ పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పంపించే క్లినిక్‌లు పెరగాలి.

ఇంటి పనులకొచ్చే మనుషుల సంగతి ఇంకో రకం. ప్లంబరో ఎలక్ట్రీషియనో పదింటికి వస్తానని ఒంటిగంటకు రావడాన్ని తిరిగొచ్చినవారు క్రమశిక్షణ లేకపోవడం కింద తీసుకుంటారు. అతని వైపు నుంచి చూస్తే లెక్క వేరు. రోజుకు నాలుగు ఇళ్లు ఒప్పుకుంటే ఒకరు తాళం వేసుకుని వెళ్లిపోతారు, ఇంకొకరు రేపు రమ్మంటారు. వెళ్లినందుకు డబ్బు ఇచ్చే అలవాటు మన దగ్గర తక్కువ. అమెరికాలో పని జరిగినా జరగకపోయినా ఇంటికి వచ్చినందుకు ఛార్జీ తీసుకునే ప్లంబర్లు చాలామంది. ఆ భద్రత లేని మనిషి ఆరు ఇళ్లు ఒప్పుకుని నాలుగు పూర్తి చేస్తాడు. మిగిలిన రెండిళ్ల వాళ్లు ఎదురుచూస్తారు. ఈ లెక్క తెలిసినవారు పొద్దున్న మొదటి పనిగా తమ ఇల్లు పెట్టుకోమంటారు, బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేస్తారు, పని చిన్నదైనా రాకపోకల ఖర్చు చేతిలో పెడతారు. కొన్నాళ్లకు అదే మనిషి పిలవగానే వస్తాడు.

ఇందులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాత్ర బయటి నుంచి వచ్చినవారికి వెంటనే అర్థం కాదు. చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవే. గ్యాస్ ఎప్పుడొస్తుంది, నీళ్ల మోటార్ ఎందుకు ఆగింది, ఏ ఎలక్ట్రీషియన్ నమ్మకస్తుడు, పనమ్మాయి ఇవాళ ఎందుకు రాలేదు, అన్నీ వాళ్లకే తెలుసు. యాప్‌లో బుక్ చేసి స్క్రీన్ చూస్తూ కూర్చున్న కుటుంబం కంటే, కిందకి దిగి వాచ్‌మన్ భార్యను "అమ్మా, ఎవరైనా ఉన్నారా" అని అడిగిన కుటుంబానికి పని ముందు జరుగుతుంది. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. కొన్ని సమాజాల్లో ఒక సమయానికి ఒకే పని పెట్టుకుని గడియారం ప్రకారం నడుస్తారు. కొన్నిటిలో ఒకేసారి నాలుగు పనులు, నలుగురు మనుషులు నడుస్తుంటారు, ఎదుట ఉన్న మనిషికి గడియారం కంటే ఎక్కువ విలువ ఉంటుంది. బ్యాంకు అధికారి మీ కాగితం చూస్తూనే పక్కవారి ప్రశ్నకు జవాబివ్వడం, ఫోన్ ఎత్తడం ఈ రెండో పద్ధతి. మీ వంతుకు అడ్డొచ్చినట్టు అనిపిస్తుంది గానీ, రేపు హడావుడిగా వచ్చి పక్కన నిలబడింది మీరైతే మీకూ జవాబు దొరుకుతుంది.

గడియారంతో పాటు విశాఖను నడిపించేది గోడ మీది పంచాంగం క్యాలెండర్. తిరిగొచ్చినవారి ప్లాన్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. ఆషాఢంలో, మౌఢ్యంలో గృహప్రవేశాలు, పెళ్లిళ్లు పెట్టుకోరు. గురుడో శుక్రుడో సూర్యుడికి బాగా దగ్గరగా ఉన్నట్టు కనిపించే రోజులు మౌఢ్యం. ఆ రోజుల్లో ఫంక్షన్ హాళ్లు ఖాళీ, పురోహితులు ఖాళీ, వంటవాళ్లు ఖాళీ. అది ముగియగానే వచ్చే ముహూర్తాలకు అందరూ ఒక్కసారిగా కావాలి. ఏడాది పొడవునా సమంగా సాగాల్సిన గిరాకీ కొన్ని వారాల్లోకి కుదించుకుపోతుంది. అప్పుడు పెయింటర్ దొరకలేదన్నా, కార్లు దొరకలేదన్నా అది ఎవరి బద్ధకమూ కాదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం. ఆ వేళల్లో ఇంటి అడ్వాన్సు తీసుకోవడానికి ఇష్టపడని యజమానులు ఉన్నారు. మీకు నమ్మకం ఉండటం లేకపోవడం వేరే విషయం. ఎదుటివారి నమ్మకం మీ టైమ్‌టేబుల్‌లో భాగమైపోతుంది.

దీనికి ఊరి సొంత పండుగలు తోడవుతాయి. జనవరిలో సంక్రాంతికి భవన నిర్మాణ కూలీలు, మేస్త్రీలు, పనిమనుషులు సొంత ఊళ్లకు వెళ్తారు. భోగి, సంక్రాంతి, కనుమ అని మూడు రోజులే లెక్క వేసుకుంటే పొరపాటు, ముందూ వెనకా కలిపి పది రోజులు పనులు ఆగినట్టే. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. ఆ పూట హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ వరకు బండి మీద ఎక్కడికీ టైముకు చేరలేం. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వైపు అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేటకు నిషేధం, చేపల ధరలు మారిపోతాయి. విశాఖలో పుట్టి పెరిగిన వారికి ఇవన్నీ ఒంట్లోనే ఉంటాయి, ఎవరూ విడిగా చెప్పరు. అందుకే కొత్తవారికి ఎవరూ చెప్పరు. జర్మనీ వెళ్లిన తెలుగు కుటుంబానికి ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని మొదటి వారం వరకు ఎవరూ చెప్పకపోవడం లాంటిదే ఇదీ. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారికి ఈ భాగం అంత కొత్త కాదు. రంజాన్ మాసంలో పనిగంటలు తగ్గడం, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపేయడం వాళ్లు చూసినవే. రుతువును బట్టి, నెలను బట్టి రోజు ఆకారం మారుతుందని వారికి అనుభవమే.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఒంటి గురించి కూడా చెప్పాలి. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పగలు చలికాలంలో పదకొండు గంటలు, వేసవిలో పదమూడు గంటల పైచిలుకు, అంతే తేడా. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి ఊరు బాగా దగ్గర, కాబట్టి గడియారానికీ సూర్యుడికీ మధ్య తేడా సగటున మూడు నిమిషాలే. అహ్మదాబాద్‌లో అది 40 నిమిషాలు. జూన్‌లో ఐదున్నరకు ముందే తెల్లారిపోతుంది, నవంబర్ చివర్లో సాయంత్రం ఐదున్నరకు ముందే పొద్దు గుంకుతుంది. బెర్లిన్‌లోనో లండన్‌లోనో వేసవి రాత్రి తొమ్మిది దాటినా వెలుగుండటానికి అలవాటు పడ్డవారికి ఇక్కడ రోజు మరీ తొందరగా ముగిసినట్టుంటుంది. నిజానికి ముగియదు. చీకటి పడ్డాకే బయటకు వస్తారు, జగదాంబ జంక్షన్ నుంచి ఎంవీపీ కాలనీ వరకు ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్యే రద్దీ. మధ్యాహ్నం ఉక్కపోతలో వీధులు పలచబడతాయి. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఇక్కడి వేసవి థర్మామీటర్ చెప్పేదానికంటే బరువుగా ఉంటుంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి ఆఫీసుల చుట్టూ తిరిగి, రాత్రికి నీరసపడి, ఊరిని తిట్టుకోవడం జరుగుతుంటుంది. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడిచేవారికి దారి వదులుతారు. ఆ వేళ అక్కడ కనిపించే వేలమంది ఈ ఊరి వాతావరణానికి సరిపడే రోజును ఎంచుకున్నవారే. ఎనిమిదింటికి లేచే అలవాటుతో వచ్చినవారికి విశాఖలోని మంచి గంటలు నిద్రలోనే పోతాయి.

ఇంతా చెప్పి విశాఖ అంతటికీ ఒకే తీరు అనుకుంటే మళ్లీ మొదటికొస్తాం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారేలోపే చేపల వేలం మొదలవుతుంది. స్టీల్ ప్లాంట్‌లో ఆరు, రెండు, పది అని మూడు షిఫ్టులు. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఆ ఫ్యాక్టరీలో కొలిమి ఆగకూడదు కాబట్టి మనుషులూ ఆగరు. ప్లాంట్ ఉద్యోగుల కాలనీ ఉక్కునగరంలో పెరిగిన పిల్లలకు నాన్న సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, నుంచి వచ్చి నిద్రపోతున్నప్పుడు చప్పుడు చేయకూడదని చిన్నప్పుడే తెలుసు. నేవీ కుటుంబాల్లో నిమిషాల లెక్క. పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక వాడలకు వెళ్లే కంపెనీ బస్సులు స్టాపులో ఎవరి కోసమూ ఆగవు. ఋషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో దీపాలు రాత్రంతా వెలుగుతాయి. ఇన్ని గడియారాలు పక్కపక్కనే నడిచే ఊళ్లు రాష్ట్రంలో తక్కువ. పరాయివారికీ ఈ ఊరు కొత్త కాదు. స్టీల్ ప్లాంట్ కట్టిన రోజుల్లో సోవియట్ నిపుణులు వచ్చారు, అచ్యుతాపురం దుస్తుల పార్కును శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ పెట్టింది, ఆంధ్రా యూనివర్సిటీలో ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. కాబట్టి కొత్తగా వచ్చే కుటుంబం ఇల్లు వెతికేటప్పుడు అద్దె, స్కూలు మాత్రమే చూసుకుంటే చాలదు. చుట్టూ ఉండేవారు ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు అన్నదీ చూడాలి.

అన్నిటికంటే కష్టమైన సర్దుబాటు, ఒళ్లు విశాఖలో ఉండి గడియారం ఇంకో దేశంలో ఉన్నవారిది. ఉద్యోగం వదలకుండా ఇక్కడి నుంచి అమెరికా కంపెనీకి పనిచేస్తే, వేసవిలో కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిది అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. చలికాలంలో వాళ్ల గడియారం మారుతుంది కాబట్టి పదిన్నర. అమ్మానాన్నల దగ్గర ఉండాలని వచ్చిన మనిషి వాళ్లు లేచేసరికి నిద్రపోతాడు, వాళ్లు పడుకునేసరికి మీటింగ్‌లో ఉంటాడు. ఒకే ఇంట్లో ఉన్నా కలిసేది మధ్యాహ్నం భోజనం దగ్గరే. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ ముప్పుకు బహుశా కారణమయ్యే వాటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది, 2019లో మళ్లీ అదే మాట చెప్పింది. స్టీల్ ప్లాంట్ షిఫ్టులో రాత్రి డ్యూటీ మారుతూ వస్తుంది, దానికి అలవెన్సు ఉంది, చుట్టూ అదే పని చేసే కాలనీ ఉంది. ఇంట్లో ఒక గదిలో ఒంటరిగా అమెరికా టైములో బతికేవారికి ఆ ఆసరా ఏదీ లేదు. తిరిగి రావాలని ఆలోచిస్తున్నవారు జీతం గురించి ఎంత ఆలోచిస్తారో ఈ గంటల గురించీ అంత ఆలోచించాలి.

అలవాటు పడటానికి ఎంతకాలం పడుతుంది? పాత సిద్ధాంతాలు దీన్ని ఒక వంపు గీతగా గీశాయి. 1955లో సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ అమెరికా వెళ్లొచ్చిన నార్వే స్కాలర్లను చూసి, మొదట సంబరం, తర్వాత కుంగుబాటు, ఆ తర్వాత కుదురు అన్నాడు. 1963లో గల్లాహార్న్ దంపతులు సొంత దేశానికి తిరిగొచ్చాక అదే వంపు మళ్లీ వస్తుందని చేర్చారు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త కొలీన్ వార్డ్ బృందం 1998లో న్యూజీలాండ్‌లోని జపాన్ విద్యార్థులను మొదటి రోజుల నుంచీ గమనిస్తే సంబరం దశ కనబడలేదు. ఒత్తిడి అడుగుపెట్టినప్పుడే అత్యధికంగా ఉంది, తర్వాత తగ్గుతూ వచ్చింది. విశాఖకు తిరిగొచ్చేవారికి ఈ చివరి ఫలితమే ఎక్కువ ఊరటనిస్తుంది. మొదటి నెలలోనే టెన్షన్‌గా ఉంటే నిర్ణయం తప్పని కంగారు పడనక్కర్లేదు.

తిరిగి రావడంలో ఒక అదనపు చిక్కు ఉంది. కొత్త దేశం వెళ్లేటప్పుడు ఏమీ తెలియదని తెలుసు. సొంత ఊరికి వచ్చేటప్పుడు అంతా తెలుసనుకుంటాం. కానీ తెలిసింది వెళ్లిపోయిన ఏడాదినాటి విశాఖ. 2010లో వెళ్లినవారు 2014 రాష్ట్ర విభజనను, అదే ఏడాది అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ తుపానును, 2016లో మొదలైన యూపీఐని ఇక్కడ ఉండి చూడలేదు. వాళ్లు నగదు కట్టలతో, జిరాక్స్ కాపీలతో సిద్ధమై వస్తారు. తీరా చూస్తే కొబ్బరిబోండాల బండి మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, కొన్ని సర్టిఫికెట్లకు 2025 జనవరిలో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర'లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెమ్మదిగా ఉంటుందనుకున్న చోట ఊరు పరుగెత్తుతుంది, మారిపోయి ఉంటుందనుకున్న చోట అలాగే ఉంటుంది.

ఇక ఈ ఎదురుచూపు ఇంట్లో ఎవరి వంతు అన్న ప్రశ్న. అపాయింట్‌మెంట్ పద్ధతిలో ఎవరికి పని ఉంటే వారే తేదీ చూసుకుని వెళ్తారు. విశాఖ పద్ధతిలో పని ఇంటికొచ్చే వరకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. గ్యాస్ సిలిండర్‌కు, వాటర్ ఫిల్టర్ సర్వీసుకు, పనమ్మాయికి తలుపు తీయడానికి, చెప్పకుండా వచ్చిన బాబాయ్‌కి కాఫీ ఇవ్వడానికి. ఎక్కువ ఇళ్లలో ఆ ఎవరో ఒకరు భార్య, లేదా రిటైరైన అత్తగారూ మామగారూ. విదేశంలో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుని ఇంటి పనిని పంచుకున్న జంట ఇక్కడికి వచ్చాక ఆమె గంటలే ముక్కలు ముక్కలుగా ఖర్చవుతుంటాయి. ఏ ఒక్క పనీ పెద్దది కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఊరి వేగం నచ్చలేదని భర్త అంటున్నప్పుడు, ఆ వేగానికి సరిపోయేలా తన రోజును కోసుకుంటున్నది ఆమె. తిరిగొచ్చిన చాలా కుటుంబాల్లో మొదటి ఏడాది గొడవలు డబ్బు గురించో అత్తమామల గురించో అన్నట్టు కనిపించినా, వాటి అడుగున ఉండేది ఈ కోసిన గంటలే. దీన్ని పట్టించుకున్న ఇళ్లలో కొన్ని పద్ధతులు కనిపిస్తున్నాయి. బయటివారు వచ్చే పనులన్నీ శనివారం పొద్దున్నకు పెట్టుకుని, ఆ పూట భర్త ఇంట్లో ఉంటాడు. వాచ్‌మన్‌కు తాళం, నెలకు కొంత డబ్బు ఇచ్చి సర్వీసు పనులు అప్పగిస్తారు. డాక్టర్ టోకెన్ తీసుకున్నవారు కాక ఇంకొకరు క్లినిక్‌కు ఫోన్ చేసి ఏ నంబర్ నడుస్తోందో కనుక్కుంటూ ఉంటారు, ఇంకో మూడు నంబర్లు ఉన్నాయనగా ఇంటి నుంచి బయలుదేరతారు.